కిటికీ తెర మూసి ఉన్న గురువారం: ఒక పరామర్శ కేస్ స్టడీ

ఇది ఒక కుటుంబం గురించిన కేసు. రాయడానికి భార్యాభర్తలిద్దరి అనుమతీ తీసుకున్నాను. వయసులు, వృత్తులు, ఆనవాలు పట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది మాత్రం మార్చలేదు. నేర్చుకోవాల్సింది ఎక్కువగా ఆ వరసలోనే ఉంది.

నేను మా క్రైస్తవ సంఘంలో పరామర్శ పని చూస్తాను. జబ్బుపడ్డవాళ్ల దగ్గరికి, మనిషిని పోగొట్టుకున్న ఇళ్లకి వెళ్తాను, వెళ్లేవాళ్లను తయారుచేస్తాను. చాలా ఏళ్లుగా చేస్తున్న పని. ఈ ఇంటి విషయంలో మేం చేసిన పొరపాట్లు ప్రేమ లేక చేసినవైతే రాయడం తేలికయ్యేది. మా అందరికీ ఆ కుటుంబమంటే నిజంగా ప్రేమ. ఆ ప్రేమతోనే వాళ్లను ఇబ్బంది పెట్టాం.

నేపథ్యం

భర్తకు యాభై దాటాయి. భార్యకు నలభై పైన. ఒక్కడే కొడుకు, పదిహేనేళ్లవాడు. పదేళ్లుగా మా సంఘంలో ఉన్నారు. ఆరాధన అయిపోయాక కుర్చీలు సర్దడానికి ఆగే మనుషులు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు వెళ్లి నిలబడేవాళ్లలో ఆమె ఒకరు. పెట్టే చెయ్యి అలవాటైన మనిషికి చెయ్యి చాపడం మహా కష్టం. ఆ సంగతి నాకు తెలుసు, కానీ సమయానికి గుర్తు రాలేదు.

ఒకరోజు తెల్లవారుజామున ఆయనకు పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమ భాగం దెబ్బతింది. చాలామందిలో మాటను నడిపేది ఆ భాగమే, కుడి చెయ్యీ కుడి కాలూ దాని కిందే ఉంటాయి. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. కుడివైపు చూపు కూడా చాలావరకు పోయింది. మాట పోయినంత మాత్రాన తెలివి పోలేదు. ఎవరు వచ్చారో, ఏం మాట్లాడుకుంటున్నారో ఆయనకు తెలుస్తూనే ఉంది. బదులు చెప్పే దారే మూసుకుపోయింది.

మూడు వారాల తర్వాత ఇంటికి పంపారు. పంపుతూ ఆమెకు పెద్ద జాబితా ఇచ్చారు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే పుండ్లు పడతాయి. మింగే శక్తి తగ్గింది కాబట్టి మామూలు నీళ్లు తాగించకూడదు. చిక్కదనం వచ్చే పొడి కలిపి, నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. పల్చటి నీళ్లు దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. మందులు, వ్యాయామాలు, మళ్లీ పక్క మార్చడం. ఈ పని రాత్రి పగలు అని చూడదు.

మొదటి రెండు వారాలు: వరదలా వచ్చిన సాయం

సంఘమంతా కదిలింది. ఉదయం ఒక గుంపు, సాయంత్రం ఒక గుంపు. భోజనాలు వచ్చాయి. ప్రార్థనలు జరిగాయి. అందరూ వెళ్లేటప్పుడు ఒకే మాట అన్నారు: "ఏం కావాలన్నా మొహమాటపడకుండా చెప్పమ్మా."

ఆ రోజుల్లో జరిగిన మూడు విషయాలు నాకు చాలా ఆలస్యంగా తెలిశాయి.

భోజనం తెచ్చిన డబ్బాలు వంటింట్లో పేరుకుపోయాయి. రాత్రి పదకొండు దాటాక, భర్తను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆమె ఆ డబ్బాలు కడిగి, ఏ మూత దేనిదో వెతికి, ఎవరిది ఎవరిదో చీటీలు రాసి అంటించేది. ఎవరి డబ్బా అయినా పోతే మాటొస్తుందని భయం. ఒక రాత్రి లెక్కపెడితే పదిహేడు ఉన్నాయట.

రెండోది, చూడ్డానికి వచ్చినవాళ్లంతా మంచానికి కుడివైపున కూర్చునేవాళ్లు, తలుపు అటే ఉంది కాబట్టి. ఆ పక్క ఆయనకు కనపడదు. ఆయన తల తిప్పకపోయేసరికి "మనల్ని గుర్తుపట్టడం లేదు, పాపం" అని ఆయన వింటుండగానే అనుకునేవాళ్లు. కొడుకు రెండు రోజులు చూసి, మూడో రోజు ఎవరితోనూ ఏమీ అనకుండా కుర్చీ తీసి ఎడమవైపు వేశాడు. మాలో ఎవరికీ తట్టని విషయం ఆ పిల్లవాడికి తట్టింది.

మూడోది ప్రమాదం దాకా వెళ్లింది. ఆమె పక్కగదిలో ఉన్నప్పుడు ఒక సోదరి, ఆయన పెదాలు ఎండిపోయాయని జాలిపడి, గ్లాసుతో మంచినీళ్లు పట్టింది. ఆయనకు పొలమారింది, మొహం ఎర్రబడింది, ఊపిరి అందలేదు. ఆమె పరుగెత్తుకొచ్చి ముందుకు వంచి కూర్చోబెట్టి, దగ్గు తెరిపిన పడేదాకా పట్టుకుంది. ఆ రోజు గండం గడిచింది. కానీ ఆ తర్వాత ఇంట్లో మనుషులుంటే ఆమె ఆ గది వదిలి కదల్లేకపోయింది. చుట్టాలొచ్చినంతసేపూ కాపలా. మేం వెళ్లాక అలసట. దాహంతో ఉన్నవాడికి గిన్నెడు చన్నీళ్లిచ్చినా ఫలం పోదని సువార్తలో చదివిన సోదరి ఆవిడ. ఎంత మంచి మనసుతో ఇచ్చిందో నాకు తెలుసు.

నెల తిరిగేసరికి వరద తీసింది. ఎవరి పనులు వాళ్లకుంటాయి. ఆమె ఆరాధనకు రావడం మానేసింది, ఫోన్ తీయడం తగ్గించింది. విశ్రాంతి తీసుకుంటోందనుకున్నాం. నాలుగో నెలలో గానీ నేను మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ ఆలస్యం నాది.

సమస్యను ఆమె ఎలా చెప్పింది

తలుపు సగమే తీసింది. జుట్టు ముడేసుకుని ఎన్ని రోజులైందో. లోపలికి రమ్మనడానికి ఒక్క క్షణం తటపటాయించింది, ఆ క్షణం నేను గమనించాను. కూర్చున్నాక చాలాసేపటికి అంది: "మీరందరూ మంచోళ్లే అక్కా. కానీ తలుపు చప్పుడైతే నాకు గుండె దడదడలాడుతోంది."

ఇంకేమీ చెప్పలేదు. చెప్పించే ప్రయత్నం నేనూ చేయలేదు. సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లైందో అడిగాను. తనకు రోజూ వేసుకోవాల్సిన మాత్రలుండేవని నాకు ముందే తెలుసు కాబట్టి వాటి సంగతీ అడిగాను. రెండు నెలలుగా వేసుకోవడం లేదంది. అది పరామర్శతో తీరేది కాదు. ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఇలాంటి ఇళ్లలో చూసుకునే మనిషి ఆరోగ్యం గురించి మొదటిరోజే అడగాలి. దయగల మాట మందు స్థానంలో నిలబడదు.

నేను చేసిన మొదటి ప్రయత్నం, అది ఎందుకు చెడింది

ఇంటికొచ్చి నాకు అలవాటైన పద్ధతిలోనే ఆలోచించాను. సాయం ఆగిపోయింది, అదే సమస్య. మళ్లీ మొదలుపెట్టాలి, ఈసారి ఆగకుండా ఒక ఏర్పాటు ఉండాలి. పన్నెండు మందిని పోగుచేశాను. వారానికి ఆరు రోజులు, రోజుకు ఇద్దరు. చార్టు గీశాను. వాట్సాప్ గ్రూపు పెట్టాం. ఆదివారం ప్రకటనల్లో కుటుంబం పేరు చెప్పి, ప్రార్థన చేసి, కానుక పట్టాం.

మూడు వారాల్లో అంతా కూలిపోయింది.

కారణాలు ఇప్పుడు తేలిగ్గా కనిపిస్తున్నాయి. రోజుకో కొత్త మనిషి వస్తే, నీళ్లలో పొడి ఎంత కలపాలో రోజూ కొత్తగా నేర్పాలి. పన్నెండు మందికి పన్నెండు సార్లు "ఎలా ఉన్నారు" అంటే బదులు చెప్పాలి. గ్రూపులో ఎవరో "ఈరోజు కొంచెం నీరసంగా ఉన్నారు" అని పెడితే, సాయంత్రానికి ఇరవై ఫోన్లు. కానుక డబ్బు ఇవ్వడానికి వెళ్లిన పెద్దలు, ఇంటి యజమాని ఆయనే కదా అనే గౌరవంతో, కవరు ఆయన ఎడమచేతిలో పెట్టారు. ఆయన ఆ కవరును దుప్పటి మీద వదిలేసి, మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చారు. కృతజ్ఞతతో ఏడ్చారని ఆ పెద్దలు సంఘం ముందు సాక్ష్యంలో చెప్పారు. ఆమె ఆ మాట విన్నది. నిజమేమిటో ఆమెకు తెలుసు.

చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను లండన్‌లో 1967లో స్థాపించిన సిసిలీ సాండర్స్ రోగి నొప్పిని ఒంటి నొప్పిగా మాత్రమే చూడొద్దని చెప్పేది. మనసుకు, సంబంధాలకు, ఆత్మకు తగిలే దెబ్బలన్నీ కలిపితేనే ఆ మనిషి నొప్పి అవుతుందని ఆవిడ వాదన. నేను ఈ మాట శిక్షణల్లో ఎన్నోసార్లు చెప్పాను. ఆ కవరు విషయంలో మాత్రం ఒంటికి కావాల్సింది ఇచ్చి, పరువు దగ్గర గాయం చేశాం.

నాలుగో వారం మొదట్లో ఆమె నుంచి మెసేజ్ వచ్చింది: "అక్కా, దయచేసి ఇక ఎవర్నీ పంపకండి."

నా మొదటి స్పందన చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. బాధపడ్డాను. ఇంత చేస్తే ఇదా అనిపించింది. ఆ ఆలోచన వచ్చిందంటే నా సాయంలో ఎక్కడో బదులు ఆశించడం ఉన్నట్టే. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకుండా ఉండాలని మత్తయి ఆరో అధ్యాయంలో యేసు చెప్పింది ప్రకటనల గురించే అనుకునేదాన్ని. నా మనసులో నేను రాసుకునే ఖాతా కూడా అందులోకే వస్తుందని అప్పుడు తెలిసింది.

ఒక నర్సు అడిగిన ప్రశ్న

"సరేనమ్మా, ఎవరూ రారు" అని ఒక్క వాక్యం పంపి, అందర్నీ ఆపేశాను. సంజాయిషీ ఇవ్వలేదు, ఎందుకని అడగలేదు. అడిగితే దానికి జవాబు రాసే పని మళ్లీ ఆమెదే.

ఇళ్లకు వెళ్లి రోగులను చూసే ఒక నర్సుతో, పేర్లు చెప్పకుండా, ఈ సంగతి మాట్లాడాను. ఆవిడ అంతా విని ఒకటే అడిగింది: "మీ సాయం అందుకోవడానికి ఆవిడ ఏమేం చేయాల్సి వచ్చింది?"

కాగితం తీసుకుని రాశాను. ఇల్లు సర్దాలి. చీర మార్చుకోవాలి. ఆయనకు శుభ్రంగా దుప్పటి కప్పాలి. జబ్బు కథ మొదట్నుంచి చెప్పాలి. ఎదుటివాళ్లు ఏడిస్తే ఓదార్చాలి. సలహాలు వినాలి. డబ్బాలు కడగాలి. నీళ్లు ఎవరైనా పట్టేస్తారేమోనని కాపలా ఉండాలి. అలసిపోయినా నవ్వాలి. ప్రతి ఒక్కరికీ విడివిడిగా థాంక్స్ చెప్పాలి. ఎప్పుడో తీర్చుకోవాల్సిన రుణంగా గుర్తుపెట్టుకోవాలి. రాస్తుంటే కాగితం నిండింది. సాయం చేసేవాళ్లకు ఎంత ఖర్చవుతుందో మాకు ఎప్పుడూ లెక్క ఉంది. అందుకునేవాళ్లకు అయ్యే ఖర్చు ఒక్కసారీ వేయలేదు.

"ఏం కావాలన్నా చెప్పు" అనే మాట కూడా ఆ జాబితాలోకే వచ్చింది. ఆ మాట అన్నవాళ్లకు భారం దిగిపోతుంది. విన్నవాళ్లు మాత్రం ఏం కావాలో ఆలోచించాలి, అది అడగదగ్గదో కాదో తూచాలి, ఎవర్ని అడగాలో తేల్చుకోవాలి, అడిగాక కాదంటే భరించాలి. నిద్రలేని మనిషికి అదంతా ఎవరి తరం?

ఆ వారం నేను మళ్లీ మళ్లీ చదివింది రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం. చచ్చిపోతే బాగుండని ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు, దూత వచ్చి తట్టి లేపి, లేచి భోంచెయ్యమంటాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకుంటాడు. దూత మళ్లీ వస్తాడు, మళ్లీ అంతే. "ఇక్కడ ఏం చేస్తున్నావు" అనే ప్రశ్న దేవుడు వేసింది చాలా రోజుల తర్వాత, హోరేబు కొండ దగ్గర. ఆ దూత ఏలీయాను ఏ వివరమూ అడగలేదు.

పని చేసిన ఏర్పాటు

ఈసారి నిర్ణయాలన్నీ ఒక కొలతతోనే తీసుకున్నాను: దీనివల్ల ఆమె మీద పడే పని ఎంత?

పన్నెండు మంది బదులు ఒక్కరే వెళ్లాలి. ఎవరు? సంఘంలో ఉత్సాహవంతులు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవర్నీ తీసుకోలేదు. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో, రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగుడు వస్తే, భోజనాల పని చూడ్డానికి ఏడుగుర్ని ఎన్నుకుంటారు. వాళ్లకుండాల్సిన అర్హతల్లో జ్ఞానం ఉంది. భోజనం అందించే పనికి జ్ఞానం దేనికని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఈ కేసులో అర్థమైంది. నేను ఎంచుకున్నది అరవై దాటిన ఒక పెద్దావిడను. తక్కువ మాట్లాడుతుంది. సమయమంటే సమయమే. భర్తను చాలాకాలం మంచంలో చూసుకుని పోగొట్టుకున్న మనిషి. అవతలివాళ్ల కథ వినాలన్న ఆత్రం లేదు.

వెళ్లేముందు పెద్దావిడ నీళ్లలో పొడి కలపడం, కూర్చోబెట్టడం, పక్క మార్చడం ఆ నర్సు దగ్గర నేర్చుకుంది. ఆమె నేర్పాల్సిన అవసరం రాకూడదని.

తర్వాత ఆమెకు నేను పంపిన మెసేజ్ ఇది: "గురువారం నాలుగింటికి పెద్దావిడ వచ్చి నలభై నిమిషాలు ఆయన దగ్గర కూర్చుంటారు. నీళ్లు పట్టడం నేర్చుకున్నారు. నువ్వు మాట్లాడనక్కర్లేదు, ఇల్లు సర్దనక్కర్లేదు. కిటికీ తెర తీసి ఉంటే లోపలికి వస్తారు, మూసి ఉంటే అక్కణ్నుంచే వెళ్లిపోతారు. వద్దనుకుంటే వద్దు అని ఒక్క మాట పంపు, చాలు."

యెరికో దగ్గర గుడ్డివాడైన బర్తిమయిని యేసు "నేను నీకేమి చేయగోరుచున్నావు" అని అడిగాడు కదా, నువ్వు ఏం కావాలో అడగకుండా నిర్ణయించావేమిటని ఒక తోటి పరిచారకుడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. బర్తిమయి అప్పటికే గొంతెత్తి కేకలు వేస్తున్నాడు, తనకేం కావాలో అతనికి తెలుసు. ఈమె కేక వేసే స్థితి కూడా దాటిపోయింది. అలాంటప్పుడు అవును, కాదు అంటే సరిపోయేంత చిన్నదిగా ప్రశ్నను మార్చడమే అడగడం అనుకున్నాను.

రెండు రోజులకు "సరే" అని వచ్చింది.

మొదటి గురువారం తెర తీసి ఉంది. రెండో గురువారం మూసి ఉంది. పెద్దావిడ గుమ్మం దాకా వెళ్లి, చూసి, వెనక్కి వచ్చేసింది. నాకు ఫోన్ కూడా చేయలేదు. మూడో గురువారం నాలుగింటికి మళ్లీ వెళ్లింది. తెర తీసి ఉంది. పోయిన వారం ఏమైందని అడగలేదు. ఆమె నెలల తర్వాత నాతో చెప్పింది, ఆ రెండో వారం కావాలనే మూసిందట. నిజంగా వెళ్లిపోతారో లేదో చూద్దామని. వెళ్లిపోయిన చప్పుడు లోపల్నుంచి విని, చాలా రోజులకు మొదటిసారి ఒంట్లో బిగువు సడలిందట.

మా పనిలో వెళ్లడం గురించి ఎంతో నేర్పుతాం. వెనక్కి రావడం గురించి ఎవరికీ నేర్పలేదు.

బిగుసుకున్న పిడికిలి

నాలుగైదు వారాలకు పెద్దావిడ ఒక విషయం గమనించింది. పక్షవాతంలో చచ్చుబడిన చెయ్యి కొందరిలో క్రమంగా బిగుసుకుపోతుంది. ఆయన కుడిచెయ్యి పిడికిలి పడి, గోళ్లు పెరిగి అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. విప్పబోతే నొప్పి. భార్య భయపడి వదిలేసింది. లోపల చెమట, వాసన, చిన్న గాయం.

పెద్దావిడ ఆ రోజు ముట్టుకోలేదు. ఆయనకు వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టును అడిగి తెలుసుకుంది. వేళ్లను ముందు లాగకూడదు. గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి కాసేపు ఉంచి, మణికట్టును మెల్లగా లోపలికి వంచితే వేళ్ల బిగువు దానంతటదే కొంత సడలుతుంది. అప్పుడు బొటనవేలి మొదలు దగ్గర పట్టుకుని నెమ్మదిగా తెరవాలి.

తర్వాతి గురువారం గిన్నెలో నీళ్లు, మెత్తటి తువ్వాలు, గోళ్ల కత్తెర తీసుకుని ఎడమవైపు కూర్చుంది. గిన్నె చూపించి, పిడికిలి చూపించి, "చెయ్యనా బాబూ?" అంది. ఆగింది. మాట పోయినవాళ్లకు ప్రశ్న లోపలికి వెళ్లి జవాబు బయటికి రావడానికి సమయం పడుతుంది, మనం తొందరపడి రెండో ప్రశ్న వేస్తే మొదటిదీ చెదిరిపోతుంది. ఆయన తల అడ్డంగా తిప్పారు. గిన్నె పక్కన పెట్టేసి, మిగతా సమయమంతా ఊరికే కూర్చుంది. పై వారం కూడా అంతే. మూడో వారం ఆయన కాదనలేదు.

ఒక్కో వేలు. మధ్యలో ఆపి, మళ్లీ నీళ్లలో ముంచి, మళ్లీ ఒక్కో వేలు. అరచెయ్యి కడిగి, వేళ్ల సందులు ఆరేదాకా అద్ది, గోళ్లు తీసింది. గాయం సంగతి ఆమెతో ఒక్కమాట చెప్పి డాక్టర్‌కు చూపించమంది. అంతా కలిపి అరగంట.

మేం యోహాను 13వ అధ్యాయం చదివినప్పుడల్లా శిష్యుల పాదాలు కడిగే యేసు వైపు నుంచే చూస్తాం. "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్న పేతురు వైపు నుంచి ఆ గదిని చూడటం నేను ఈ ఇంట్లోనే నేర్చుకున్నాను. కడిగించుకోవడానికి కాళ్లు చాపడం ఎంత కష్టమో పేతురు నోరు తెరిచి చెప్పేశాడు. మా ఇళ్లలో మనుషులు చెప్పలేక తలుపులు వేసుకుంటారు.

మూడు నెలలు గడిచాక ఒక గురువారం నేను కూడా వెళ్లాను. పెద్దావిడ ఇంకా తువ్వాలు పరుస్తోంది. ఆయన ఎడమచేత్తో తన కుడిచేతి మణికట్టు పట్టుకుని, బరువుగా ఎత్తి, తీసుకొచ్చి తువ్వాలు మీద పెట్టారు.

ఆ నలభై నిమిషాల్లో ఆమె ఏం చేస్తుందని నేను ఎప్పుడూ అడగలేదు. ప్రార్థన చేసుకుంటుందేమో, నిద్రపోతుందేమో అనుకునేదాన్ని. ఒకసారి తనే చెప్పింది: "మొదటివారం తలంటుకున్నానక్కా."

మిగతా ఏర్పాట్లు చిన్నవే, త్వరగా చెప్పేస్తాను. ఒక కుర్రవాడు వారానికి రెండుసార్లు చెత్తబుట్ట బయటపెట్టి, ఖాళీ అయ్యాక లోపల పెట్టేవాడు, తలుపు కొట్టడు. ఇంకొకరు నెలకోసారి మందులు తెచ్చి గుమ్మంలో పెట్టి మెసేజ్ చేసేవారు. భోజనం పంపేవాళ్లు తిరిగివ్వక్కర్లేని డబ్బాల్లోనే పంపాలన్నాం. మెసేజ్‌లు పంపేవాళ్లంతా చివర "జవాబు ఇవ్వక్కర్లేదు" అని రాయాలన్నాం. ఆమె గురించిన కబుర్లు గ్రూపులో పెట్టడం నిషేధం. సాక్ష్యాల్లో చెప్పడమూ నిషేధం. ఈ చివరి నియమానికే సంఘంలో అన్నిటికన్నా ఎక్కువ అభ్యంతరం వచ్చింది. దేవుని మహిమ కోసమే చెప్తున్నాం కదా అన్నారు. ఆ కవరు సంగతి పెద్దలకు విడిగా చెప్పాను. వాళ్లు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్లే ఆ నియమం వైపు నిలబడ్డారు.

ఆమె ఇస్తానన్నప్పుడు

తొమ్మిదో నెలలో ఆమె ఫోన్ చేసింది. తనే చేసింది. సంఘంలో సహాయనిధి లెక్కలు చూసే మనిషి మారారని విన్నానని, రాత్రిళ్లు ఆయన పడుకున్నాక తను చూసిపెట్టగలనని అంది. ఆమె పూర్వం లెక్కల పని చేసిన మనిషి.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "నీకెందుకమ్మా ఇప్పుడు ఆ శ్రమ?"

అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నాకు నా తప్పు వినపడింది. గలతీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో, ఒకరి భారాలు ఒకరు భరించమని రెండో వచనంలో రాసిన పౌలే, మూడు వచనాల తర్వాత ఎవరి బరువు వాళ్లే మోసుకోవాలి అంటాడు. తెలుగు బైబిల్లో ఒకచోట భారములు, రెండోచోట బరువు. గ్రీకులో కూడా రెండు వేర్వేరు మాటలే. మొదటిది నలిపేసే భారం. రెండోది ఎవరి వంతు మూట వాళ్లు మోయడానికి వాడే మాట. భారం పంచుకుంటున్నామని అనుకుంటూ, ఆమె చేతిలోని ఆ మూట కూడా లాక్కోబోయాను. ఏమీ ఇవ్వనివ్వకుండా పెడుతూ పోతే ఆ మనిషి ఎప్పటికీ మన గుమ్మం ముందే ఉండిపోతుంది.

"క్షమించమ్మా, తప్పుగా అన్నాను. రేపే పంపిస్తాను" అన్నాను. పుస్తకాలు పంపాను. రెండో వారానికే పాత తప్పొకటి పట్టింది. అందులో తన కుటుంబానికి ఇచ్చిన మొత్తం కూడా ఒక పద్దుగా ఉంది. దాన్ని మిగతా పద్దుల్లాగే సరిచూసి టిక్కు పెట్టింది.

ఇప్పుడు ఎక్కడున్నాం

పద్నాలుగు నెలలైంది. ఆయనకు మాట రాలేదు. అవును, కాదు స్పష్టంగా చెప్తారు. ఈ వ్యాసానికి అనుమతి అడిగినప్పుడు, మాట పోయినవాళ్లలో అవును కాదు ఒక్కోసారి తారుమారవుతాయి కాబట్టి, మొదట "రాయనా?" అని, కాసేపాగి "రాయకుండా ఉండనా?" అని అడిగాను. మొదటిదానికి అవునన్నారు, రెండోదానికి కాదన్నారు.

ఆమె ఆరాధనకు రెండుసార్లు వచ్చింది. వెనక వరసలో కూర్చుని, చివరి ప్రార్థనకు ముందే వెళ్లిపోయింది. ఆమె ఎప్పుడొస్తుందనేది ఈ కేసు ఫలితంగా లెక్కపెట్టకూడదని మొదటే అనుకున్నాను. లెక్కపెడితే గురువారాలన్నీ దానికి బయానా అయిపోతాయి. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు, దారిలో దెబ్బలు తిని పడున్న మనిషిని సత్రంలో చేర్చి, సత్రంవాడికి రెండు దేనారాల డబ్బిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు ఇస్తానని చెప్పి, తన దారిన పోయాడు. దెబ్బలు తిన్న మనిషి ఆ తర్వాత ఏం చేయాలో చెప్పలేదు.

పెద్దావిడకు మోకాళ్లనొప్పులు ఎక్కువయ్యాయి. ఆవిడ బదులు ఇంకొకరు వెళ్తున్నారు. మార్చేముందు నాలుగు వారాలు ఇద్దరూ కలిసి వెళ్లారు. మణికట్టు ఎలా వంచాలో ఆవిడే చూపించింది.

నాకు ఇంకా మనసులో గుచ్చుకుంటున్నది కొడుకు సంగతి. ఈ పద్నాలుగు నెలల నా నోట్సు తిరగేస్తే ఆ పిల్లవాడి గురించి మొదటి పది నెలల్లో ఉన్నది ఒకే ఒక్క వాక్యం, కుర్చీ ఎడమవైపు వేశాడని. అందరం వాడి భుజం తట్టి "అమ్మానాన్నల్ని బాగా చూసుకో" అన్నాం. వాడెలా ఉన్నాడని ఒక్కరం అడగలేదు. పరీక్షల్లో మార్కులు పడిపోయాయని ఆమె చెప్పాకే తెలిసింది. సాయం ఎవరి మీద ఎంత పని పెడుతోందో లెక్కలు వేసిన నేను, ఆ ఇంట్లో మూడో మనిషిని లెక్కలోకే తీసుకోలేదు.

చెత్తబుట్ట తీసే కుర్రవాడు ఇప్పుడు శనివారాలు వాడితో కలిసి సైకిల్ బాగుచేస్తున్నాడు. పాత సైకిల్, విప్పడానికి చాలా ఉంది. ఆరు శనివారాలైంది. వాడు నాన్న గురించి ఒక్క మాటా మాట్లాడలేదు, ఇతనూ అడగలేదు. పోయిన వారం గొలుసు ఎక్కించారు. బ్రేకులు ఇంకా మిగిలున్నాయి.